ఎర్రనీటికి ఎదురీదే పులస

“పుస్తెలమ్మి అయినా పులస తినాలి” అని గోదావరి జిల్లాల్లో సామెత ఉంది. సామెత అందరికీ తెలుసు. పులస రుచి కూడా చాలామందికి తెలుసు. కానీ ఆ చేప ఎక్కడ పుడుతుంది, ఎక్కడ పెరుగుతుంది, సంవత్సరంలో రెండు మూడు నెలలు మాత్రమే ఎందుకు కనబడుతుంది, ఏటేటా ఎందుకు తగ్గిపోతోంది అని అడిగితే జవాబు చెప్పగలిగేవారు కొద్దిమందే. పులుసు గిన్నె దగ్గర మొదలై అక్కడే ముగిసిపోయే మన ముచ్చట్లలో ఈ ప్రశ్నలకు చోటు దొరకదు.

గత వర్షాకాలంలో మేము కాకినాడ నుండి యానాం మీదుగా, గౌతమీ గోదావరి ఏటిగట్టు వెంబడి ధవళేశ్వరం వరకు వెళ్ళాం. మాతోపాటు పిల్లలిద్దరూ, ఎనభై ఏళ్ళు దాటిన వారి మామ్మ కూడా ఉన్నారు. తొందరపడితే ఒక పూటలో పూర్తయ్యే ప్రయాణమే. మేము మాత్రం రెండు రోజులు తీసుకున్నాం. పులస సముద్రంలో నుండి నదిలోకి ఏ దారిన వస్తుందో ఆ దారినే మేమూ రావాలన్నది మా కోరిక. ఆ దారిలో చూసిన సంగతులు, విన్న మాటలు, ఇంటికి వచ్చాక చదివి తెలుసుకున్న విషయాలు పాఠకులతో పంచుకుంటున్నాం.

మడ అడవి పక్కన

కాకినాడ దాటి యానాం వైపు వెళ్తుంటే ఎడమవైపున కోరింగ మడ అడవులు కనిపిస్తాయి. 1978లో ప్రభుత్వం ఈ ప్రాంతాన్ని వన్యప్రాణి సంరక్షణ కేంద్రంగా ప్రకటించింది. దాని విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైమాటే. మడ, తిల్ల, ఉప్పుపొన్న చెట్లు బురదలో వేళ్ళూని నిలబడి ఉంటాయి. చెక్కలతో కట్టిన కాలిబాట మీద నడుస్తూ వెళ్తే, పోటు వచ్చినప్పుడు పాయల్లో నీరు నిండడం, పాటు వచ్చినప్పుడు బురద బయటపడడం కళ్ళారా చూడవచ్చు.

పులస గురించి చెప్పబోయి మడ అడవి గురించి చెప్తున్నారేమిటని పాఠకులు అనుకోవచ్చు. కారణం ఉంది. ఉప్పునీరూ తీపినీరూ కలిసే ఈ చోటే పులసకు గుమ్మం వంటిది. సముద్రంలో నుండి వచ్చే పెద్ద చేపలు ఈ మొగల గుండానే నదిలో ప్రవేశిస్తాయి. నదిలో పుట్టిన పిల్లలు సముద్రానికి పోయేముందు ఈ కలగలుపు నీటిలోనే కొంతకాలం ఆగి బలం పుంజుకుంటాయి. చెట్ల ఆకులు రాలి, కుళ్ళి, నీటిలో సూక్ష్మజీవులకు ఆహారమవుతాయి. ఆ సూక్ష్మజీవులే చేపపిల్లల ఆహారం.

మేము వెళ్ళిన నాటికి గోదావరికి వరద నీరు వచ్చి వారం దాటింది. పాయలో నీళ్ళు పల్చని టీ రంగులో ఉన్నాయి. “ఇదే ఎర్రనీరు” అన్నారు మామ్మ. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి వంటి ఉపనదులు అడవుల్లోనుండి, పొలాల్లోనుండి కడిగి తెచ్చే మట్టితో ఈ రంగు వస్తుంది. ఈ నీరు సముద్రంలో దూరం వరకు చొచ్చుకుపోతుంది. తీరానికి దగ్గరలో గుంపులుగా తిరిగే చేపలకు అదే పిలుపు.

ఒకే చేప, రెండు పేర్లు

సముద్రంలో ఉన్నప్పుడు దీనిని విలస అంటారు. కొందరు ఇలస అని కూడా అంటారు. గోదావరిలోకి వచ్చి, తీపినీటిలో కొంత దూరం ఈదాక పులస అంటారు. చేప మాత్రం ఒక్కటే. శాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన పేరు టెన్యులోసా ఇలిషా. ఫ్రాన్సిస్ హామిల్టన్ అనే వైద్యుడు గంగానదిలోని చేపల గురించి 1822లో ప్రచురించిన గ్రంథంలో మొదటిసారి దీనిని వర్ణించి, బెంగాలీలు పిలిచే ఇలిష్ అనే పేరునే శాస్త్రీయ నామంలో చేర్చాడు.

పర్షియా సింధుశాఖ నుండి బర్మా తీరం వరకు ఈ చేప విస్తరించి ఉంది. ఇరాక్‌లోని టైగ్రిస్, యూఫ్రటీస్ నదులలోకి ఎక్కుతుంది. సింధునదిలో దీనిని పల్లా అంటారు. బంగ్లాదేశ్‌కు ఇది జాతీయ చేప. మన గోదావరి ఈ చేప ఎక్కే అనేక నదులలో ఒకటి.

చూడడానికి ఎంతో అందంగా ఉంటుంది. ఒళ్ళంతా వెండిలా మెరుస్తుంది. వీపు మీద నీలం, ఆకుపచ్చ కలిసిన ఛాయ ఉంటుంది. పొట్ట అంచున రంపపు పళ్ళవంటి గట్టి పొలుసులు వరుసగా ఉంటాయి. నోటికి పళ్ళు లేవు. మొప్పల దగ్గర జల్లెడ వంటి సన్నని అమరిక ఉంటుంది. నోరు తెరిచి ఈదుతూ నీటిలోని సూక్ష్మమైన నాచును, కంటికి కనపడీ కనపడని చిన్న ప్రాణులను ఆ జల్లెడతో వడపోసుకుని తింటుంది. అందుకే పులసను గాలం వేసి పట్టడం సాధారణంగా కుదరదు. వల వేయవలసిందే. సాధారణంగా జానెడున్నర, రెండు జానల పొడవు ఉంటుంది. అరవై సెంటీమీటర్ల వరకు పెరిగినవీ ఉన్నాయి. ఆడ చేపలు మగవాటికన్నా పెద్దవి అవుతాయి. కాబట్టి మనం పెద్ద పులస అని మురిసిపోయి కొనేది చాలావరకు గుడ్లతో ఉన్న తల్లి చేపనే.

ఉప్పునీటి నుండి తీపినీటికి

సముద్రపు చేపను తెచ్చి చెరువులో వేస్తే బ్రతకదు. చెరువు చేపను సముద్రంలో వేసినా అంతే. పులస మాత్రం రెండింటిలోనూ బ్రతుకుతుంది. ఇది ఎలా సాధ్యం?

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. చేప రక్తంలో ఉన్న ఉప్పు అందులో మూడోవంతు మాత్రమే. అందుచేత సముద్రంలో ఉన్నప్పుడు చేప ఒంట్లోని నీరు బయటికి పోతూ ఉంటుంది. చుట్టూ నీళ్ళున్నా చేపకు దాహమే. అది సముద్రపు నీటిని తాగి, ఎక్కువైన ఉప్పును మొప్పలలోని ప్రత్యేకమైన కణాల ద్వారా బయటికి తోసేస్తుంది. నదిలోకి రాగానే అంతా తలక్రిందులవుతుంది. ఇప్పుడు బయటి నీరు ఒంట్లోకి చొరబడుతుంది, ఉప్పు కరిగి పోతుంది. కాబట్టి నీరు తాగడం మాని, ఎక్కువైన నీటిని మూత్రంగా విసర్జిస్తూ, నీటిలో ఉన్న కొద్దిపాటి లవణాలను మొప్పలతో లోపలికి తీసుకోవాలి. అంటే ఆ మొప్పలు చేసే పని పూర్తిగా మారిపోవాలి. మొగ దగ్గర కలగలుపు నీటిలో తిరిగే సమయంలో ఈ మార్పు జరుగుతుంది. ఇంత పెద్ద మార్పును ఆ మూగజీవి ఎవరూ నేర్పకుండానే చేసుకుంటుందంటే ఆశ్చర్యం కలుగుతుంది గదా!

ఏటికి ఎదురెక్కేటప్పుడు పులస మేత బాగా తగ్గిస్తుంది. సముద్రంలో తిని దాచుకున్న కొవ్వే దానికి దారి బత్తెం. ఆ కొవ్వు వల్లనే ఈ చేపకు రుచి. విలసకూ పులసకూ రుచిలో తేడా ఎందుకని మా పిల్లలు అడిగారు. ఉప్పునీటిని వదిలి, ప్రవాహానికి ఎదురీది, నిలవ కొవ్వును ఖర్చు చేసుకుంటూ వచ్చిన చేప మాంసం మారదా అని మేము వారికి చెప్పాం.

యానాం ఒడ్డున

యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో ఒక భాగం. 1954 వరకు ఫ్రెంచివారి పాలనలో ఉండేది. ఊరిని ఆనుకొని గౌతమి సముద్రంలాగా విశాలంగా ప్రవహిస్తుంది. అవతలి ఒడ్డున ఎదుర్లంక. రెండింటినీ కలుపుతూ బాలయోగి వారధి. జూలై వచ్చిందంటే ఈ ఒడ్డున పులస వేలం పాట మొదలవుతుంది.

మేము వెళ్ళిన ఉదయం ఒకే ఒక్క పులస వచ్చింది. కిలోన్నర ఉంటుందన్నారు. చుట్టూ ఇరవై మంది మూగారు. పాట నాలుగు వేల దగ్గర మొదలై, మేము చూస్తుండగానే పదకొండు వేలకు వెళ్ళింది. కొన్నాయన దానిని ఐసు పెట్టెలో పెట్టించుకొని వెంటనే కారెక్కి వెళ్ళిపోయాడు. ఎవరో పెద్ద ఉద్యోగికి పంపించడానికట.

మామ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత పిల్లలతో అన్నారు: “మా చిన్నప్పుడు లంకలో మా ఇంటికి చేపలామె తట్టతో తెచ్చేదిరా. డబ్బుల్లేకపోతే ధాన్యం కొలిచి తీసుకునేవాళ్ళం. మట్టి దాకలో, చింతపండు పులుసు పోసి, బెండకాయలు వేసి, పొద్దున్న నుంచి సాయంత్రం దాకా సన్న సెగ మీద ఉంచేది మా అమ్మ. ముళ్ళు మెత్తబడాలిగా. ఆ రాత్రి ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. మర్నాడు తినాలి. పొలంలో పనిచేసే వాళ్ళకి కూడా అదే పులుసు పెట్టేది.” పనివారి కంచంలోకి కూడా వచ్చిన చేప ఇప్పుడు వేలం పాట చేపగా మారిపోయింది. ఇదంతా ఒక్క మనిషి జీవితకాలంలో జరిగిన మార్పు.

ఆ చేపను పట్టిన పెద్దాయన గట్టు మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. దగ్గరికి వెళ్ళి పలకరించాం.

“రోజూ పడతాయా బాబాయ్?”

“ఆయ్, ఎక్కడండీ! నాలుగు రోజుల్నించి తిరుగుతున్నామండి. ఇద్దరం మనుషులం, ఇంజనుకి ఆయిలు. నిన్న రాత్రికి ఈ ఒక్కటీ పడిందండి.”

“ఒక్క చేపకే పదకొండు వేలు వచ్చాయి కదా!”

ఆయన నవ్వాడు. “పులస పడితే పేపర్లో వేస్తారండి. పడని రోజులు ఎవరూ వెయ్యరండి. పాట డబ్బులన్నీ మా చేతికి రావండి. అప్పిచ్చిన షావుకారుకి పోను, ఇద్దరం పంచుకోవాలండి. మా నాన్నగారు ఒక్క వల లాగితే పదీ పదిహేను పడేవండి. రేటు లేదు గాని చేపుండేది. ఇప్పుడు రేటుంది, చేప లేదండి.”

పిల్లలు ఏం చేస్తున్నారని అడిగాం. పెద్దకొడుకు హైదరాబాదులో పనికి వెళ్ళాడనీ, చిన్నవాడు ఇంటరు చదువుతున్నాడనీ చెప్పాడు. “ఆడికి వల వెయ్యడం నేర్పమంటారా, వద్దంటారా? మీరే చెప్పండి, చదువుకున్నోళ్ళు” అని అడిగాడు. మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాం. మా ప్రయాణంలో మిగిలిన దారి అంతా ఆ ప్రశ్న మాతోనే వచ్చింది.

మేము పులస కొనలేదు. బజారులో “పులసే” అని చెప్పి తక్కువ ధరకు అమ్మజూపినవి ఇంకా కొన్ని ఉన్నాయి. ఒడిశా నుండో బెంగాలు నుండో ఐసులో వచ్చిన విలసలు అవి. అవీ మంచి చేపలే. కాని గోదావరి పులస అని చెప్పి అమ్మడం సరికాదని ఆ పెద్దాయనే మాకు రహస్యంగా చెప్పాడు.

ఏటిగట్టు మీద

యానాం నుండి ఏటిగట్టు ఎక్కితే ఒక ప్రక్క కొబ్బరితోటలు, వరిచేలు, మరో ప్రక్క గోదావరి. మధ్యలో లంకలు. కోటిపల్లి రేవులో వరద కారణంగా పంటు ఆపివేశారు. అవతల ముక్తేశ్వరం వెళ్ళవలసినవారు టీకొట్టు దగ్గర కూర్చుని నీటిని చూస్తున్నారు. మేమూ కాసేపు ఆగాం. కొట్టుకొస్తున్న కొమ్మలు, గుర్రపుడెక్క గుంపులు మా కళ్ళముందే క్షణాల్లో దూరమైపోతున్నాయి. ఇంతటి వేగానికి ఎదురుగా ఒక చేప ఈదుతుందంటే నమ్మశక్యం కాలేదు.

ఎందుకు ఈదుతుంది? గుడ్లు పెట్టడానికి. పులస గుడ్లకు పారే తీపినీరు కావాలి. ఒక్కొక్క తల్లి చేప తన పరిమాణాన్ని బట్టి లక్ష మొదలు ఇరవై లక్షల వరకు గుడ్లు పెడుతుందని శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. ఆ గుడ్లు నేలకు అంటుకోవు, పూర్తిగా తేలవు. ప్రవాహంతోపాటు నీటి మధ్యలో కొట్టుకుపోతూ ఉంటాయి. సుమారు ఒక రోజులోనే పొదుగుతాయి. బయటికి వచ్చిన పిల్ల మూడు మిల్లీమీటర్లకు మించదు. అక్కడి నుండి నది అడుగడుగునా దానిని పెంచుతుంది. వరద తగ్గి నీరు తేటపడ్డాక, పిల్లలు గుంపులుగా మేస్తూ మెల్లగా క్రిందికి దిగుతాయి. ఐదారు నెలలకు వేలెడు, జానెడు పొడవు పెరిగి సముద్రం చేరతాయి. ఒకటి రెండేళ్ళకు పెద్దవై, మళ్ళీ ఎర్రనీటి కాలంలో నదికి వస్తాయి.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. పసిఫిక్ సముద్రంలోని సాల్మన్ చేపలు గుడ్లు పెట్టగానే చనిపోతాయి. పులస అలా కాదు. గుడ్లు పెట్టిన తరువాత తిరిగి సముద్రానికి పోయి, మళ్ళీ మళ్ళీ రాగలదు. అంటే పట్టుకోకుండా వదిలిన ఒక్క తల్లి చేప ఒక్క సంవత్సరానికి కాదు, కొన్ని సంవత్సరాలకు విత్తనం.

లక్షల గుడ్లు పెట్టే చేప ఎలా తగ్గిపోతుందని సందేహం రావచ్చు. లక్షల్లో పెద్దవయ్యేవి అతి కొద్ది. మిగిలినవి ఇతర చేపలకు ఆహారమవుతాయి. అందుకే అన్ని గుడ్లు అవసరమయ్యాయి. పైగా ఆ మిగిలిన కొద్దివాటికి కూడా మనం మూడు చోట్ల కాపు కాస్తున్నాం. సముద్రంలో మర పడవలు. మొగల దగ్గర, నదిలో గుడ్లతో వచ్చే తల్లులకు వలలు. వరద తీశాక, సముద్రానికి దిగే పిల్లలకు చిన్న కన్ను వలలు. ఆ పిల్లలు పిత్తపరిగెలతో కలిసి కుప్పలుగా అమ్ముడవుతాయి. పది రూపాయల కూరలో పోయిన ఆ వేలెడు చేప రెండేళ్ళకు ఎంత విలువ చేసేదో కొనేవారికీ తెలియదు, అమ్మేవారికీ గుర్తుండదు.

ధవళేశ్వరం

రెండవ రోజు సాయంత్రానికి ధవళేశ్వరం చేరాం. గోదావరి గేట్ల క్రింద నుండి ఉరుకుతున్న హోరు చాలా దూరం వినిపించింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా ఉన్న ఈ బ్యారేజికి మొత్తం 175 గేట్లు. ఇప్పుడున్నది 1970లో మొదలై 1982లో పూర్తయిన కట్టడం. దానికి ముందున్నది సర్ ఆర్థర్ కాటన్ కట్టించిన ఆనకట్ట. 1847లో పని ప్రారంభమై 1852లో పూర్తయింది.

కాటన్ దొర పేరు వినగానే మామ్మ చేతులు జోడించారు. ఆమె ఒక్కరే కాదు, ఈ డెల్టాలో ఊరూరా ఆయన విగ్రహాలు ఉన్నాయి. కారణం చరిత్ర చదివితే తెలుస్తుంది. 1832-33లో వచ్చిన నందన కరువును ఈ ప్రాంతం వారు తరతరాలు చెప్పుకున్నారు. 1839లో వచ్చిన తుఫాను కోరింగ రేవును ముంచేసింది. ప్రక్కన గోదావరి పారుతూ ఉండగానే జనం అన్నానికి మాడారు. భక్తిపరుడైన కాటన్ ఆ దుఃస్థితిని చూచి, నదికి అడ్డుకట్ట వేసి కాలువలు త్రవ్వాలని పై అధికారులతో వాదించి ఒప్పించాడు. ఈనాడు సుమారు పది లక్షల ఎకరాలు ఆ నీటితో పండుతున్నాయి. మన ఇళ్ళలో ఎందరో ఆ అన్నం తిని పెరిగినవారమే.

అయితే మనుష్యులకు అన్నం పెట్టిన ఆ గోడే పులసకు అడ్డుగోడ అయింది. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహించే గోదావరిలో, సముద్రం నుండి ధవళేశ్వరం వరకు ఉన్నది నూరు కిలోమీటర్ల లోపే. పులసకు నిశ్చయంగా మిగిలిన నది అంతే. పెద్ద వరద వచ్చి గేట్లన్నీ ఎత్తినప్పుడు కొన్ని దాటిపోవచ్చు. మిగిలినవి బ్యారేజి దిగువన గుంపుకడతాయి. సాల్మన్ చేపలాగా ఎగిరి దూకే శక్తి పులసకు లేదు. అందుకే సాల్మన్ కోసం ఇతర దేశాల్లో కట్టే చేప మెట్లు దీనికి పెద్దగా ఉపయోగపడవు. ఎక్కడ చేప ఆగిపోతుందో అక్కడ పట్టడం సులువు అని వేరే చెప్పనవసరం లేదు.

ఈ సంగతి ఇప్పుడు కొత్తగా కనుగొన్నది కాదు. భారతదేశపు చేపలను గురించి జీవితమంతా పరిశోధించిన ఫ్రాన్సిస్ డే 1873లోనే ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో, నదులకు అడ్డంగా కట్టిన ఆనకట్టలు వలస వచ్చే చేపలకు చేసే హానిని గురించి హెచ్చరించాడు. ఇప్పుడు ఎగువన పోలవరం ప్రాజెక్టు నిర్మాణంలో ఉంది. 2021 నుండి నది నీరు దాని స్పిల్‌వే గేట్ల గుండానే వస్తోంది. వరద ఎప్పుడు, ఎంత, ఏ రంగులో దిగువకు రావాలన్నది ఇకమీద గేట్ల మీద కూడా ఆధారపడుతుంది. ఎర్రనీటి కోసం కాచుకునే చేపకు ఇది చిన్న విషయం కాదు.

ఆనకట్ట కట్టడం తప్పని మేము అనడం లేదు. ఆకలితో ఉన్న బిడ్డకూ, చేపకూ మధ్య ఎంచుకోవలసి వస్తే కాటన్ చేసిందే మనమూ చేస్తాం. కానీ ఈనాడు మన ముందున్నది ఆ ఎంపిక కాదు. ఆనకట్ట ఉంటుంది. పంట ఉంటుంది. దిగువన మిగిలిన ఆ కొద్ది నదిలో చేపను బ్రతకనిస్తామా లేదా అన్నదే ఇప్పటి ప్రశ్న.

ఇతర నదులు చెప్పే పాఠం

సింధునది మీద 1955లో కోట్రీ బ్యారేజి కట్టాక పల్లా చేప పైకి పోలేక బాగా తగ్గిపోయింది. గంగానది మీద 1975లో ఫరక్కా బ్యారేజి రాక ముందు ఇలిష్ చేపలు అలహాబాదు వరకు, ఆ పైకి కూడా వెళ్ళేవి. తరువాత ఎగువన దాదాపు కనుమరుగయ్యాయి. ఈమధ్య సంవత్సరాలలో బారక్‌పూర్‌లోని కేంద్ర లోతట్టు మత్స్య పరిశోధన సంస్థ వారు ఫరక్కా ఎగువన ఈ చేపలను వదిలి, మళ్ళీ వాటిని ఆ నీటికి అలవాటు చేయాలని ప్రయత్నిస్తున్నారు.

బంగ్లాదేశ్‌వారు మరొక మార్గం పట్టారు. పిల్ల చేపలను పట్టడం, అమ్మడం నిషేధించారు. అక్టోబరులో గుడ్లు పెట్టే సమయంలో 22 రోజులపాటు వేట పూర్తిగా ఆపుతారు. ఆ రోజుల్లో జాలరి కుటుంబాలకు ప్రభుత్వం బియ్యం ఇస్తుంది. 2002-03లో సుమారు రెండు లక్షల టన్నులుగా ఉన్న అక్కడి దిగుబడి 2017-18 నాటికి ఐదు లక్షల టన్నులు దాటింది. పశ్చిమ బెంగాలు ప్రభుత్వం కూడా 23 సెంటీమీటర్లకన్నా చిన్న ఇలిష్‌ను పట్టరాదని నియమం పెట్టింది.

మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మర పడవల సముద్రపు వేటకు సెలవు ఉంది. ఆ రోజులకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే భృతిని 2025లో 20,000 రూపాయలకు పెంచింది. మంచిదే. కాని పులస తల్లులు గుంపుగా మొగలకు వచ్చేది ఆ సెలవు ముగిసిన తరువాత, జూలై, ఆగస్టు నెలల్లో. అదే సమయంలో నదిలో కొద్ది రోజులు వల ఆపి, ఆ రోజులకు నది మీద బ్రతికే కుటుంబాలకు భృతి ఇస్తే, బ్యారేజి దిగువన కొంత మేర వేట లేని చోటుగా కాపాడితే, గోదావరి తన పని తాను చేసుకుంటుంది. భృతి ఇవ్వకుండా వల మాత్రం ఆపమంటే అది యానాం ఒడ్డున మేము చూసిన పెద్దాయన కంచంలో చెయ్యి పెట్టడమే అవుతుంది.

మన ఇంటి వరకు

ప్రభుత్వాలు చేసేవి చేస్తాయి. మన వంటింట్లో మనం చేయగలిగినవి కూడా కొన్ని ఉన్నాయి. మొదటిది, కార్తీకం నుండి మాఘం వరకు బజారులోకి వచ్చే చిన్న చేపల కుప్పలో వెండిలా మెరిసే విలస పిల్లలు కనబడితే కొనకుండా ఉండడం. అమ్మే ఆమెకు కోపగించుకోకుండా కారణం చెప్పడం. రెండవది, పెద్ద ఉద్యోగులకూ, బంధువులకూ మన గొప్ప చూపించుకోవడానికి పులసను కానుకగా పంపే అలవాటు మానడం. వేలం పాట అంత పైకి పోవడానికి తినేవారి ఆకలికన్నా పంపేవారి డాబే ఎక్కువ కారణం. మూడవది, పులసే తినాలన్న పట్టుదల విడిచి, గోదావరిలో, చెరువుల్లో దొరికే ఇతర చేపలను వండుకోవడం. మామ్మ చెప్పిన మట్టి దాక, చింతపండు, సన్న సెగ వాటికీ సరిపోతాయి.

పెద్దాయన అడిగిన ప్రశ్న గురించి ధవళేశ్వరంలో రాత్రి భోజనాల దగ్గర చాలాసేపు మాట్లాడుకున్నాం. మా పెద్దబ్బాయి, “చదువూ నేర్పాలి, వలా నేర్పాలి. చేపలు మళ్ళీ వస్తే పట్టడం తెలిసినవాళ్ళు ఉండాలి కదా” అన్నాడు. మామ్మ, “వాడన్నదే నిజం. కాని ముందు చేపని రానివ్వాలి” అన్నారు. యానాం వెళ్ళే స్నేహితులు ఒకరు ఉంటే, ఈ జవాబును ఆ పెద్దాయనకు చేర్చమని ఒక చిన్న ఉత్తరం వ్రాసి పంపించాం. వచ్చే ఎర్రనీటికి ఆయన చిన్నకొడుక్కి ఇంటరు పూర్తవుతుంది.